మంటి ఘటములో శక్తి

ధ్యాన భాగములు: రోమా 1:16, 2 కొరింథీ 4:7



జగిత్యాల, కోరుట్ల పల్లెలలో బావి త్రవ్వించిన పెద్దలు ఈ సంగతి ఎరుగుదురు. కొంత లోతు వరకు గడ్డపార చాలును. బండ తగిలినప్పుడు దానికి రంధ్రము తొలిచి, మందు కూరి, వత్తి అంటించి, అందరు దూరముగా పరుగెత్తెడివారు. బండ పగిలిన పిమ్మటనే నీరు కనబడెడిది.

బండలు పేల్చు మందులలో పేరుపొందినది డైనమైటు. స్వీడను దేశస్థుడైన ఆల్‌ఫ్రెడ్ నోబెల్ 1867లో దానికి ఆ పేరు పెట్టెను. గ్రీకు భాషలో శక్తి అని అర్థమిచ్చు 'దునామిస్' అను మాట దానికి మూలము. డైనమో అను మాటయు ఆ వేరునుండి వచ్చినదే. ఇంగ్లీషువారు ఇప్పుడు ప్రమాదకరమైన సంగతిని, మిక్కిలి చురుకైన మనిషిని కూడ డైనమైటు అందురు.

సువార్త దేవుని శక్తియని పౌలు రోమీయులకు వ్రాసినప్పుడు వాడిన మాట ఈ దునామిస్సే. అందుచేత సువార్త డైనమైటు వంటిదని మనము ప్రసంగములలో వినుచుందుము. అయితే పౌలు దినములలో ఆ మందు లేదు. మందే ఆ పేరును అరువు తెచ్చుకొన్నది. కనుక మందును చూచి సువార్తను కొలువరాదు. మందు పగులగొట్టును, దానికి తెలిసిన పని అదే. పౌలు చెప్పిన శక్తి రక్షించును.

అయినను నోబెల్ పనిలో మనకొక పాఠమున్నది. నైట్రోగ్లిసరిన్ అను ద్రవము కొద్దిపాటి కుదుపునకే పేలగలదు. 1864లో స్టాక్‌హోములో జరిగిన పేలుడులో నోబెల్ తమ్ముడు ఎమిల్ మరణించెను. పిమ్మట నోబెల్ ఆ ద్రవమును ఒక తేలికైన మన్నులో ఇంకించెను. మన్ను పట్టుకొనగా అది మోయదగినదాయెను. మన ఐశ్వర్యము మంటి ఘటములలో ఉన్నదని పౌలు చెప్పిన వచనములోను దునామిస్ అను మాటయే యున్నది. ఘటము బలహీనమైనది, శక్తి దేవునిది.

ప్రియులారా, గొంతు పెద్దదైన చోటనే శక్తి యున్నదని మనము తలంచుదుము. ఆరాధన ముగిసి ఇంటికి పోయి, పొలము గట్టు తగవులో ఒక్క మాట విసరి, అన్నదమ్ముల ప్రేమను పేల్చివేయుదుము. ఆ పేలుడులో నీరు ఊరదు.

సిరిసిల్లలో సాంచ ఆగిపోయిన యింట, అప్పు బరువుతో మాట పెగలక కూర్చున్న సహోదరుడు ఉండవచ్చును. మన పెద్ద శబ్దము అతనికేమి చేయును? ఒకరు పోయి, చేయి పట్టుకొని, అతని గోడు విని, తెల్లవారువరకు తోడుండిన యెడల అతడు బ్రదుకును. రక్షించు శక్తి అట్టిది. ఏలీయా కొరకు ప్రభువు గాలిలోను, భూకంపములోను, అగ్నిలోను కనబడలేదు. మెల్లని స్వరముతో మాటలాడెను.

ఈ నెలలో మనలో ప్రతివాడును ఒక తగవు మాన్పుకొని, ఒక దుఃఖితుని గడప త్రొక్కుదము. మంటివారమైన మనలో ప్రభువు తన శక్తిని నిలుపును గాక. ఆమేన్.