అన్యలోకవాసి యెవడు?

అన్యగ్రహములందు బుద్ధిజీవులున్నారా యను ప్రశ్నకు శాస్త్రజ్ఞులింకను సమాధానము కనుగొనలేదు. కథకులు మాత్రము వారిని ఏనాడో సృష్టించిరి. 1898లో హెచ్. జి. వెల్స్ గ్రంథరూపమున ప్రకటించిన 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' అను నవలలో అంగారకవాసులు భూమిపై దండెత్తుదురు. వారికి యంత్రబలము మెండు, దయ సున్న. మనుష్యరక్తమే వారి యాహారము. ఇంతటి క్రూరులను రచయిత యెచ్చట చూచెను? దీనికి గ్రంథారంభముననే జవాబున్నది. టాస్మేనియా ఆదివాసులపై ఐరోపా వలసదారులు సాగించిన సంహారమును జ్ఞప్తికి దెచ్చి, అట్టి మనము అంగారకులను నిందింపదగునా యని ఆయన ప్రశ్నించెను. అంగారకవాసి ముఖము మన ముఖమే.

మనుష్యేతర బుద్ధిజీవిని గూర్చి మన ప్రాంతమువారు మఱియొక కథ చెప్పుకొందురు. హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమునగల లేపాక్షిలో జటాయువు పడెననియు, రాముడు "లే, పక్షీ" యని పిలువగా ఊరికి ఆ పేరు వచ్చెననియు స్థలపురాణము. ఇది చరిత్రయా యను వాదమట్లుండనిండు. అందలి నీతి గొప్పది. సీత ఆ పక్షి జాతి కాదు. అయినను ఆమె యార్తనాదము విని అది ప్రాణములొడ్డెను. రాముడు దానికి కన్నతండ్రికి వలె ఉత్తరక్రియలు జరిపెను. జాతి నడుగక బాధను జూచుటయే ధర్మము.

ఇక మన వాకిళ్లకు వత్తము. పెనుకొండ చెంత 2019లో కియా కార్ల తయారీ ఆరంభమయ్యెను. దానితో కొరియా దేశస్థులు ఈ ప్రాంతమునకు వచ్చిరి. వారి భాష వేఱు, భోజనము వేఱు. ఇల్లు అద్దెకిచ్చునపుడు వారి కులమెవ్వరడుగుదురు? అడుగకుండుటయే మంచిది. కాని మన మాటయే మాటాడుచు, మన రాగిసంకటియే తినుచు పెరిగిన దళిత యువకుడు గది కావలెనని వచ్చినచో, "మీదే కులము?" అను ప్రశ్న ఆతనిని వాకిటనే నిలుపుచున్నది. సముద్రము దాటి వచ్చినవాడు అతిథి. వీధి దాటి వచ్చినవాడు అన్యలోకవాసి!

ఇది మా యింటి యాచారమని కొందఱందురు. ఆచారమే యడ్డయినచో మాంసాహారియగు విదేశీయునకును అది అడ్డు కావలెను గదా. అద్దె హెచ్చుగా వచ్చుటచే సడలించితిమందురేమో. సొమ్మునకు సడలు నాచారము న్యాయమునకేల సడలదు?

ఆకాశమునుండి యొక జీవి దిగివచ్చినచో మనమెట్లు ప్రవర్తింతుమో తెలియుటకు అంతదాక వేచియుండ బనిలేదు. రేపు మన గడపకడ నిలిచి గది యడుగువానితో మనమాడు మొదటిమాటయే దానిని తెలుపును.