వారసుడెవరన్న ప్రశ్న

గుంటూరు సీమలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి పేరు చెబితే అమరావతి, మంగళగిరి గాలిగోపురం గుర్తొస్తాయి. చింతపల్లి విడిచి కృష్ణ ఒడ్డున అమరావతిని కట్టించుకున్న జమీందారాయన. కొడుకులు లేక జగన్నాథబాబును, జగన్నాథబాబు బతికుండగానే రామనాథబాబును దత్తత తీసుకున్నారు. 1816లో వెంకటాద్రి నాయుడు పోయాక మొదలైన వ్యాజ్యం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లి, రంగమ్మ, అచ్చమ్మ కక్షిదారులుగా ఉన్న కేసుగా 1846లో తేలింది. మొదటి దత్తపుత్రుడు జీవించి ఉండగా రెండో దత్తత చెల్లదన్నారు. అప్పటికే జమీ బకాయిల కింద ఈస్టిండియా కంపెనీ ఆధీనంలోకి పోయింది. దాయాదుల పోరే ఆ ఇంటిని కూల్చిందనడం తేలిక. నాకది సగం నిజమే అనిపిస్తుంది.

అసలు దోషం పోరులో కాదు, దేనికోసం పోరాడారన్న దాంట్లో ఉంది. 1802 నాటి శాశ్వత శిస్తు పద్ధతి జమీని కొనదగిన, అమ్మదగిన, కొడుక్కి రాసివ్వదగిన ఆస్తిగా మార్చింది. ఆ మీదట వేలాది రైతుల బతుకు ఒక ఇంటి భాగపంపకాల్లో చేరిపోయింది. వ్యాజ్యం మధ్యలోనే 1833 నాటి కరువొచ్చింది. గుంటూరు ప్రాంతంలోని అయిదు లక్షల మందిలో సుమారు రెండు లక్షల మంది చనిపోయారని అంచనా. వాన కురవకపోవడానికి జమీందారు బాధ్యుడా అని అడగవచ్చు. కాదు. అయితే ప్రత్తిపాడు చుట్టుపక్కల నేలలాంటి నల్లరేగడిలో వాన తప్పితే రైతుకు దిక్కేమిటని ముందే ఆలోచించాల్సిన మనిషి ఒకడుండాలి. కోర్టులు కొడుకెవరో తేల్చడానికి ముప్పై ఏళ్లు తీసుకున్నాయి. ఆ మనిషెవరో తేల్చమని వాటినెవరూ అడగనే లేదు.

పాలించిన ఇళ్లన్నీ ఇలాగే ముగియవు. లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్ ఉపరాజు బున్‌ఖోంగ్ కొడుకులూ చీలిపోయారు. పెత్సరాత్ 1945లో ఫ్రెంచివారికి ఎదురు నిలిచాడు. సువన్న ఫూమా తటస్థ ప్రధాని అయ్యాడు. సుఫానువోంగ్ కమ్యూనిస్టుల పక్షాన నిలిచి 1975లో అధ్యక్షుడయ్యాడు. వాళ్ల విభేదాలు పెనవేసుకున్న యుద్ధం దేశానికి ఘోరమైన నష్టం తెచ్చింది, దాన్ని నేను తేలిక చేయను. కానీ వాళ్లు వాదించుకున్నది ఇంటి ఆస్తి గురించి కాదు, దేశం ఎటు పోవాలన్న దాని గురించి.

వెంకటాద్రి నాయుడు గొప్ప దాత, ఆయన్ను ఇలా తూచడం అన్యాయమని కొందరంటారు. ఆ దానాలను నేనూ గౌరవిస్తాను. నా అభ్యంతరం ఆయన మీద కాదు. ప్రజల రక్షణ ఒక దాత ఆయువు మీద ఆధారపడిన ఏర్పాటు మీద. గోపురం ఇప్పటికీ నిలిచి ఉంది. ఆయన దయ మాత్రం దత్తత పత్రంలో రాయడానికి వీలైనది కాదు.