మొదట కూర్చుండి లెక్క చూచుకొనుడి

ధ్యాన భాగము: లూకా 14:28–30



కోతలు ముగిసి పంట సొమ్ము చేతికి వచ్చిన దినములలో మన గ్రామములలో తరచుగా వినబడు మాట యొకటి యున్నది. "ఈ యేడు ఇల్లు మొదలుపెడదాము" అని. ఇది మంచి కోరికయే. వాన కురిసిన రాత్రి కారుచున్న కప్పు క్రింద గిన్నెలు పెట్టుచు పెరిగినవారు గట్టి యిల్లు కోరుట పాపము కాదు. మన అక్కరలన్నియు పరలోకపు తండ్రికి తెలియును. అయితే మొదలుపెట్టుట వేరు, ముగించుట వేరు.

ప్రభువు యెరూషలేము మార్గమున నడచుచుండగా గొప్ప జనసమూహములు ఆయనను వెంబడించెను. అప్పుడాయన వారివైపు తిరిగి, గోపురము కట్టగోరిన యొక మనుష్యుని సంగతి చెప్పెను. అట్టివాడు ముందుగా కూర్చుండి, పని ముగించుటకు చాలిన సొమ్ము తనకున్నదో లేదో చూచుకొనవలదా? చూచుకొననియెడల పునాది మాత్రమే మిగులును; చూచువారు నవ్వుదురు. మన ప్రభువు వడ్లవాని పని యెరిగినవాడు. సగములో నిలిచిన కట్టడము ఎట్లుండునో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక్కడ నా తప్పిదమొకటి ఒప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట నేను సేవచేసిన గ్రామములో ఒక సహోదరుడు పునాది ప్రార్థనకు నన్ను పిలిచెను. నేను వెళ్లి, కీర్తన పాడించి, ప్రార్థించి, వారు పెట్టిన భోజనము చేసి వచ్చితిని. "తమ్ముడూ, ముగించుటకు చాలినంత యున్నదా?" అని అడుగలేదు. శుభకార్యములో అపశకునపు మాట అనుకొందురేమో యని వెనుదీసితిని. అతడు తన అన్నగారి యింటికంటె ఒక గది ఎక్కువగా ముగ్గు పోయించెను. గోడలు లింటెలు మట్టమునకు లేచినవి, సొమ్ము అయిపోయెను. నూటికి మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చెను. అదియు చాలలేదు. ఇంటరు చదువుచున్న కుమార్తె చదువు మాని మిరపకోతకు పోయెను. అర ఎకరము అమ్ముడుపోయెను. మూడు వానకాలములు ఆ గోడలు కప్పు లేక తడిసినవి. స్తంభములమీది ఇనుప చువ్వలు త్రుప్పుపట్టినవి. దారిన పోవువారు, "ప్రార్థన చేసి మొదలుపెట్టిన యిల్లు ఇదే" అని నవ్వుకొనిరి. ఆ సహోదరుని భార్య ఒకనాడు నాతో, "అయ్యగారూ, ఆ రోజు మీరైనా ఒక్క మాట అడిగుంటే బాగుండేదండి" అనెను. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది. అందుచేతనే యిది వ్రాయుచున్నాను.

1. కూర్చుండుట అవిశ్వాసము కాదు.

"దేవుడే ఇచ్చును, లెక్కలెందుకు?" అని కొందరందురు. ఇది విశ్వాసమువలె కనబడును గాని కాదు. నెహెమ్యా యెరూషలేము చేరిన తరువాత మూడు దినములుండి, రాత్రివేళ కొద్దిమందితో లేచి, కూలిన గోడను స్వయముగా చూచెను. అప్పటివరకు ఎవరికిని చెప్పలేదు. చూచిన పిమ్మటనే జనులను పిలిచెను. ఆ గోడ 52 దినములలో ముగిసెను. దావీదు కూడ ఆలయము కట్టకముందే రాళ్లు, ఇనుము, దేవదారు మ్రానులు సిద్ధపరచి, దాని నమూనాను సొలొమోనునకు అప్పగించెను. ప్రార్థించినవారే లెక్కించిరి, లెక్కించినవారే ముగించిరి.

కూర్చుండునప్పుడు ఒంటరిగా కూర్చుండకుడి. భార్యను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడి. పొయ్యి ఎచ్చట నుండవలెనో, నీళ్లు ఎంత దూరము మోయవలెనో ఆమెకు తెలిసినట్లు మేస్త్రీకి తెలియదు. చదువుకొన్న బిడ్డచేత పుస్తకములో వ్రాయించుడి. మొదట పొలములో పని సిద్ధపరచుకొని తరువాత ఇల్లు కట్టుకొనుమని సామెతల గ్రంథము 24:27 బోధించుచున్నది. విత్తనములకు, ఎరువులకు, బిడ్డల చదువునకు కావలసినది ప్రక్కన పెట్టి, మిగిలినదే యింటి సొమ్మని యెంచవలెను.

2. ఉన్నది ఉన్నట్లు వ్రాయుడి.

ఇటుక, ఇసుక, సిమెంటు, ఇనుము, కూలి — ఇవి అందరును వ్రాసికొందురు. మరచునవి వేరే యున్నవి: పునాదిలో పోయు మెరక మట్టి, లారీ కిరాయి, సెంట్రింగు, తలుపులు, కిటికీలు, కరెంటు వైరింగు, మరుగుదొడ్డి, నీటి గొట్టములు, కట్టడమునకు తడిపెట్టు నీళ్లు, చివరకు గృహప్రతిష్ఠ నాటి విందు. ఇవన్నియు వ్రాసి, మొత్తములో పదియవ వంతు అనుకొనని ఖర్చులకు చేర్చుడి. నల్లరేగడి నేలయైనయెడల పునాది ఖర్చు ఎక్కువ. ఆ నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారును. లోతుగా త్రవ్వి బండమీద పునాది వేసినవానిని ప్రభువు మెచ్చుకొనెను గనుక మన్ను క్రిందికి పోవు సొమ్ము వ్యర్థమని తలంచకుడి.

స్లాబు విషయమై మరి జాగ్రత్త. 400 చదరపు అడుగుల స్లాబు నాలుగు అంగుళముల మందమున వేయుటకు సుమారు 30 బస్తాల సిమెంటు పట్టును. అది ఒకే దినమున వేయవలసిన పని. సగము నేడు, సగము వచ్చే నెల అనరాదు. అతుకు పడిన చోట నీరు కారును. కనుక అంతయు చేతికి వచ్చిన తరువాతనే దినము నిర్ణయించుడి. సిమెంటు చవకగా దొరికెనని నెలల ముందుగా కొని దాచకుడి. నిలువయున్న కొలది దాని బలము తగ్గును. వేసిన స్లాబును కనీసము ఏడు దినములు, వీలైన పది దినములు నీటితో తడుపుడి.

ప్రభుత్వ సహాయమును కూడ సరిగా లెక్కించుడి. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస యోజనలో మైదాన ప్రాంతపు యింటికి 1,20,000 రూపాయలు నిర్ణయించిరి. ఇల్లు 25 చదరపు మీటర్లకు, అనగా సుమారు 270 చదరపు అడుగులకు తగ్గకూడదనిరి. తెలంగాణలో 2024లో ఆరంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకములో 5 లక్షలు నిర్ణయించిరి. అయితే ఇట్టి సొమ్ము పని సాగిన కొలది విడతలుగా వచ్చును. ముందు మనము పెట్టవలెను, తరువాత అది వచ్చును. వచ్చునని చూపి వడ్డీకి తెచ్చువాడు రెండు చోట్ల చిక్కుకొనును.

వడ్డీ లెక్క కూడ వినుడి. నూటికి మూడు రూపాయల వడ్డీ చిన్నదిగా తోచును. రెండు లక్షలకు అది నెలకు 6,000, యేడాదికి 72,000 రూపాయలు. 33 నెలలలో 1,98,000 చెల్లించినను అసలు రెండు లక్షలు కదలక అట్లే యుండును. అప్పుచేయువాడు అప్పిచ్చువానికి దాసుడగునని జ్ఞాని ఊరక చెప్పలేదు. అప్పు తప్పనిసరియైనయెడల బ్యాంకునో పొదుపు సంఘమునో ఆశ్రయించుడి; తీర్చు దారి ముందే వ్రాసికొనుడి.

లెక్క చాలకపోయిన, ఇల్లు మానవద్దు, కొలత తగ్గించుడి. ఒక గది, వంటిల్లు, ముందు వసారా చాలును. ముగిసిన చిన్న యిల్లు నిలిచిపోయిన పెద్ద యింటికంటె మేలు. ప్రక్కవాని మేడ మన కొలబద్ద కాదు.

3. నీతి లేని లెక్క వద్దు.

సొమ్ము తగ్గినప్పుడు మొదట తగ్గునది కూలివాని కూలి. పొరుగువానిచేత పని చేయించుకొని జీతమియ్యక ఇల్లు కట్టువానికి శ్రమ యని యిర్మీయా 22:13లో హెచ్చరిక యున్నది. ఇటుకలు మోసిన స్త్రీ సాయంకాలము వట్టి చేతులతో వెళ్లినయెడల ఆ యింట మనము చేయు ప్రార్థన ఎట్లు పైకి పోవును? మరియు తగ్గునది పిట్టగోడ. కొత్త యిల్లు కట్టినప్పుడు ఎవడును పడి చావకుండునట్లు కప్పు చుట్టు పిట్టగోడ కట్టుమని ద్వితీయోపదేశకాండము 22:8 ఆజ్ఞాపించుచున్నది. బిడ్డల ప్రాణము కాచు ఖర్చును కొట్టివేసి, ముందు గోడకు రంగులు వేయకుడి.

ఇప్పటికే సగములో నిలిచిన యిండ్లు మన సంఘములలో నున్నవి. వాటి ముందు నిలిచి నవ్వువారు లోకస్థులు, మనము నవ్వకూడదు. నేను చెప్పిన ఆ సహోదరునితో సంఘపెద్దలు ఇద్దరు, నేను ఒక సాయంకాలము కూర్చుంటిమి. అప్పులన్నియు దాచక ఒక కాగితముమీద వ్రాసితిమి. అతడు వ్రాయించుచు ఏడ్చెను. యౌవనస్థులు నాలుగు శనివారములు ఉచితముగా పనిచేసిరి. ఒక గదికి, వంటింటికి మాత్రము సిమెంటు రేకులు వేసిరి. కుటుంబము అందులో చేరెను. కుమార్తె మరుసటి యేడు పరీక్షకు కట్టెను. మిగిలిన గోడలు నేటికిని అట్లే యున్నవి. గాని ఆ యింట రాత్రి దీపమున్నది, ప్రార్థన యున్నది.

4. ప్రభువు చెప్పిన అసలు సంగతి.

ఆయన ఈ పోలికను ఇటుకలకొరకు చెప్పలేదు, శిష్యులకొరకు చెప్పెను. బాప్తిస్మము నాడు మనము వేసిన పునాది మీద నేడు ఎంత లేచినది? ఉజ్జీవ కూటములలో చేతులెత్తి, త్రాగుడు మానక, పగ విడువక, సగములో నిలిచినవారము కామా? ఆయనను వెంబడించుట వెల లేనిది కాదు. ఆ వెల మన యొద్ద చాలదని ఒప్పుకొనుటయే లెక్క యొక్క ఆరంభము. ఆయన మాత్రము మన రక్షణ వెలను ముందే యెరిగి, గెత్సేమనేలో చెమటోడ్చి, సిలువమీద దానిని సంపూర్తి చేసెను. మనలో మంచి పని ఆరంభించిన ఆయనే దానిని కొనసాగించును.

కనుక ఈ నెలలో ఇల్లు తలపెట్టినవారు ఒక రాత్రి భార్యాబిడ్డలతో కూర్చుండి, ప్రార్థించి, లెక్క వ్రాయుడి. పాస్టరును పునాది ప్రార్థనకు పిలుచునప్పుడు ఆ కాగితము కూడ తీసికొని రండి. నేను ఇకమీదట అడుగకుండ ప్రార్థింపను.

ప్రార్థన: ప్రభువా, మొదలుపెట్టుటకు తొందరపడు మాకు కూర్చుండు ఓపికను, ఉన్నదానితో తృప్తిని, కూలివారియెడల న్యాయమును దయచేయుము. మా యిండ్లను, మా ఆత్మలను నీవే కట్టి ముగించుము. ఆమేన్.