రెండు తలాంతుల బిడ్డ

చదువవలసిన వాక్యభాగము: మత్తయి 25:14–30



పదవ తరగతి ఫలితములు వచ్చిన మరునాడు ఒక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. ఆరు వందల మార్కులకు ఆ పిల్లకు 541 వచ్చినవి. ఇంటింటికి మిఠాయి పంచవలసిన దినము. అయితే ఆ పిల్ల కన్నులు ఏడ్చి యేడ్చి వాచియుండెను. "ఏమమ్మా, మంచి మార్కులే గదా?" అంటిని. "ట్రిపుల్ ఐటీలో సీటు రాదండి అయ్యగారూ. మా నాన్న నా చదువు కోసం అప్పు చేశాడు" అని మాత్రము చెప్పి తల వంచుకొనెను.

ఆ మాట నన్ను చాలా దినములు విడువలేదు. మన పిల్లలు మొదటి వరుస మార్కులు రానియెడల తమ బ్రదుకే పోయినట్లు ఎందుకు కుములుచున్నారు? ఇది గర్వమని కొందరు పెద్దలందురు. రోడ్డు ప్రక్కన ర్యాంకులు వచ్చినవారి బొమ్మలను ఎత్తుగా నిలిపిన కాలేజీలదే తప్పని మరికొందరందురు. ఈ మాటలలో కొంత నిజమున్నది గాని, మన పల్లెలలోని కారణము ఇంతకంటె లోతైనది.

మొదటిది, వాకిలి ఇరుకైనది. పల్లెటూరి పిల్లలకొరకే 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో ట్రిపుల్ ఐటీలు ఆరంభమాయెను. వాటిలో ప్రవేశము పదవ తరగతి మార్కులను బట్టియే. ప్రభుత్వ పాఠశాలలలో చదివిన బిడ్డలకు కొంత అదనముగా కలుపుదురు. ఇది పేదలకు గొప్ప మేలు. అయితే సీట్లు కొన్ని, ఆశించువారు వేలమంది. రెండు మార్కులు తగ్గినను వరుసలో ఎంతో వెనుకకు పోవుదురు. కాబట్టి "మార్కులదేమున్నది!" అని మనము పిల్లలతో అనరాదు. అది అబద్ధమని వారికి తెలియును.

రెండవది, మన చరిత్ర. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరునకు వచ్చి సువార్తతో పాటు బడులు స్థాపించెను. ఆ తరువాత అనేక మిషనులు ఆలాగే చేసినవి. ఇతర బడులు ఎవరిని గడప దాటనియ్యలేదో, వారి చేతికి పలక బలపము వచ్చెను. అక్షరమే మన తాతలను దొడ్డి చాకిరినుండి విడిపించెను. అందుచేత నేటికిని ఇల్లంతయు తన ఆశను ఒక్క బిడ్డ తలమీద పెట్టుచున్నది. అది ప్రేమయే. అయితే బిడ్డ దానిని మరియొక విధముగా లెక్కించుచున్నాడు. అమ్మ మిరపకోతకు పోయిన దినములెన్ని, నాన్న తెచ్చిన అప్పుకు వడ్డీ యెంత అని రాత్రులు లెక్కవేయుచున్నాడు. తాను కుమారుడనని మరచి, తానొక బాకీనని తలంచుచున్నాడు. 541 అనగా వాని లెక్కలో తీరని బాకీ.

మూడవది చెప్పుటకు నాకు సిగ్గుగా నున్నది. ప్రతి సంవత్సరము ఫలితములు వచ్చిన తరువాతి ఆదివారమున నేను మంచి మార్కులు వచ్చిన పిల్లలను ముందుకు పిలిచి, మార్కులు చదివి, చప్పట్లు కొట్టించి, పెన్నులు బహుమానమిచ్చి ప్రార్థన చేయుచుంటిని. ఒక ఏడు ఆ ఆరాధనకు ఒక పిల్లవాడు రాలేదు. ఆదివారపు బడిలో కంఠత వాక్యములు అందరికంటె ముందుగా ఒప్పగించువాడు, లెక్కలలో తప్పెను. నేను వాని యింటికి పోగా గొడ్లపాక వెనుక కూర్చొని యుండెను. "మీరు పేర్లు పిలిచేటప్పుడు నేను అక్కడ కూర్చోలేనండి" అనెను. లోకము వానిని ఒకసారి వెనుకకు నెట్టెను. నేను దేవుని మందిరములో రెండవసారి నెట్టితిని.

అప్పుడు తలాంతుల ఉపమానమును మరల చదివితిని. యజమానుడు ఒకనికి అయిదు, ఒకనికి రెండు, ఒకనికి ఒకటి, ఎవని శక్తి కొలది వానికిచ్చెను. అయిదు గలవాడు మరి అయిదు, రెండు గలవాడు మరి రెండు సంపాదించిరి. ఇప్పుడు 21వ వచనమును, 23వ వచనమును ప్రక్క ప్రక్కన పెట్టి చదువుడి. ఇద్దరు దాసులకును దొరికిన మెప్పు ఒక్కటే. యజమానుని సంతోషములో ఇద్దరికిని ఒక్కటే పాలు. "వాడు పది తెచ్చెను, నీవు నాలుగే తెచ్చితివేమి?" అని రెండవవానిని అడుగలేదు. మన ఇండ్లలో దినదినము వినబడు ఆ ప్రశ్న ఆ యజమానుని నోట లేదు.

మూడవవానిని యజమానుడు సోమరి అని గద్దించెను. కాబట్టి ఈ ఉపమానము సోమరితనమునకు అండ కాదు. దేవుడిచ్చిన తెలివిని పాతిపెట్టుట పాపమే. అయితే వాడెందుకు పాతిపెట్టెనో వాడే చెప్పుచున్నాడు. తన యజమానుడు కఠినుడని తలంచెను, భయపడెను, దాచెను. భయము వాని తలాంతును రెండింతలు చేయలేదు, మట్టిలో పెట్టించెను. మార్కుల కాగితమును పుస్తకముల అడుగున దాచు బిడ్డ చేయుచున్నదియు ఇదియే.

"భయము లేకపోతే పిల్లలు చదువుతారా అయ్యగారూ?" అని ఒక తండ్రి నన్నడిగెను. న్యాయమైన ప్రశ్నయే. భయము బిడ్డను అర్ధరాత్రివరకు కూర్చుండబెట్టగలదు. మార్కులు కూడ తేగలదు. అయితే మార్కులు రాని దినమున ఆ బిడ్డకు ఇచ్చుటకు భయము చేతిలో ఏమున్నది? 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన తరువాత కొన్ని దినములలోనే ఇరువదిమందికి పైగా పిల్లలు తమ ప్రాణములు తీసికొనిరి. ఆ ఫలితములలో అనేకమైన తప్పులు బయటపడెను. ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా అని చూపగా, తిరిగి చూచినప్పుడు అది 99 అని తేలెను. మనుష్యులు దిద్దిన కాగితము అది. దానిని దేవుని తీర్పుగా ఎంచుకొని మన బిడ్డలు నశింపవలెనా?

లూకా 3వ అధ్యాయము చూడుడి. ప్రభువు బాప్తిస్మము పొందినప్పుడు ఆయన నా ప్రియకుమారుడని తండ్రి ఆకాశమునుండి సాక్ష్యమిచ్చెను. అప్పటికి ఆయన ఒక్క రోగినైనను స్వస్థపరచినట్లు, ఒక్క ప్రసంగమైనను చేసినట్లు లూకా వ్రాయలేదు. మెప్పు ముందు వచ్చెను, పని తరువాత వచ్చెను. ఆయన తండ్రి ప్రేమను సంపాదించుటకు పనిచేయలేదు, ప్రేమింపబడినవాడై పనిచేసెను. మన బిడ్డలును ఆ క్రమముననే చదువవలెను. ప్రేమను కొనుటకు చదువువాడు వణకుచు చదువును. ప్రేమింపబడినవాడు శ్రద్ధగా చదువును. తప్పినను తిరిగి లేచును.

కావున తలిదండ్రులారా, ఫలితములు రాకముందే మీ బిడ్డతో మాటలాడుడి. "నీవు మాకు బాకీ కావు, బిడ్డవు. ఏమి వచ్చినా ఇంటికి రా" అని చెప్పుడి. వచ్చిన తరువాత చెప్పిన మాట ఓదార్పు మాత్రమే. ముందు చెప్పినది పునాది. తప్పినవారికి ఆ సంవత్సరమే సప్లిమెంటరీ పరీక్ష యున్నదని జ్ఞాపకము చేయుడి. బిడ్డ అన్నము మాని, మాట మాని, మూలను కూర్చుండినయెడల ఒంటరిగా విడువకుడి. 14416 అను నంబరునకు డబ్బు లేకుండ ఫోను చేయవచ్చును, తెలుగులో మాటలాడుదురు. నా యింటి తలుపును ఏ ఝామున నైనను తట్టుడి.

సంఘముగా మనమును మారవలెను. ఇప్పుడు ఆ ఆదివారమున నేను మార్కులు చదువుట లేదు. పరీక్ష వ్రాసిన పిల్లలందరిని ముందుకు పిలిచి, అందరిమీద చేతులుంచి ప్రార్థించుచున్నాను. అంతకుముందే, ఫలితములు వచ్చిన సాయంకాలమున, తప్పినవారి యిండ్లకు మొదట పోవుచున్నాను. గొడ్లపాక వెనుక కూర్చున్న ఆ పిల్లవాడు ఆ యేడే సప్లిమెంటరీలో ఉత్తీర్ణుడై, నేడు ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను పని నేర్చుకొనుచున్నాడు. మొన్న మందిరములో కాలిపోయిన తీగెలను వాడే మార్చెను. ఆ రాత్రి దీపములు వెలిగినప్పుడు రెండు తలాంతులవానిని తలంచుకొంటిని.

ప్రార్థన: దయగల తండ్రీ, మా బిడ్డలకు శ్రద్ధను దయచేయుము, వారిలోని భయమును తీసివేయుము. నీవు మమ్మును ప్రేమించినట్లు వారిని ప్రేమించుటకు మాకు నేర్పుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.