చివర తెలిసిన సోది

మా యెరుకల అవ్వలు బుట్ట, కర్ర పట్టుకొని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వీధుల్లో సోది చెప్పేవాళ్లు. ఎదురుగా కూచున్న తల్లి చెయ్యి పట్టుకొని, ఒడిలోని బిడ్డను చూసి రేపటి మాట చెప్పేవాళ్లు. ఆ మాట నిజమవుతుందో లేదో అవ్వకూ తెలీదు, తల్లికీ తెలీదు. బిడ్డ పెరిగి తేల్చాల్సిందే.

నాయకుల తొలినాళ్లను ఊహించి తీసిన సినిమాలు చూసినప్పుడల్లా మాకు ఈ సోది గుర్తొస్తుంది. అదీ సోదే, కాని తిరగేసిన సోది. చెప్పేవాడికి చివర ముందే తెలుసు. దానికి సరిపడే మొదలును వెనక్కి పోయి వెతుక్కుంటాడు. ఒక మనిషి బాల్యాన్ని అతని చివర నుంచి చెప్పడం న్యాయమేనా? మేము అడగదలచిన ప్రశ్న ఇదే.

2014లో ఎ.జె. ఎడ్వర్డ్స్ తీసిన ‘ద బెటర్ ఏంజెల్స్’ అనే నలుపు తెలుపు సినిమా ఉంది. అమెరికా అధ్యక్షుడైన అబ్రహాం లింకన్ చిన్ననాటి కథ అది. ఇండియానా అడవిలో కొయ్య గుడిసె, 1818లో జబ్బుచేసి పోయిన కన్నతల్లి, మరుసటి ఏడు వచ్చి కడుపున పుట్టినవాడిలా చూసుకున్న మారుతల్లి. మాటలు తక్కువ, చెట్లూ వెలుతురూ ఎక్కువ. చూస్తుంటే మనసు కరుగుతుంది.

అడవి కనపడగానే మాకు ఇంకో ప్రశ్న పుడుతుంది. ఆ నేల ఎవరిది? లింకన్ కుటుంబం అక్కడికి చేరింది 1816లో. అంతకు సరిగ్గా ఒక పుష్కరం ముందు, 1804 ఒప్పందంలో, డెలావేర్ తెగవాళ్లు ఆ ప్రాంతపు నేలను వదులుకోవాల్సి వచ్చింది. ఆ గుడిసె నిలిచింది అలాంటి మట్టి మీద.

తర్వాతి కథ కూడా చూడాలి. 1862లో డకోటా తెగవాళ్లు తిరగబడి ఓడిపోతే, సైనిక విచారణలో 303 మందికి మరణశిక్ష పడింది. లింకన్ ఆ కాగితాలు తెప్పించుకొని చదివి, చాలామంది ప్రాణాలు కాపాడాడు. అయినా ఆయన ఒప్పుకున్న మీదట 38 మందిని డిసెంబర్ 26న మన్కాటో ఊళ్లో ఒకేసారి ఉరితీశారు. ఆరు రోజులకే, 1863 జనవరి 1న, బానిసల విమోచన ప్రకటన మీద ఆయన సంతకం పెట్టాడు. తల్లి పోయి ఏడ్చిన ఆ పిల్లవాడిలో వీటిలో దేన్ని వెతకాలి? విమోచననా, ఉరికంబాన్నా? నిజానికి ఆ పిల్లవాడిలో రెండూ లేవు. తల్లి లేని దిగులు మాత్రమే ఉంది.

మా వైపు నాయకుల మీద వచ్చినవి ఇంత నెమ్మది సినిమాలు కావు. పెనుకొండ ఎమ్మెల్యేగా ఉంటూ 2005 జనవరి 24న హత్యకు గురైన పరిటాల రవి జీవితాన్ని ఆధారం చేసుకొని రామ్‌గోపాల్ వర్మ 2010లో ‘రక్తచరిత్ర’ తీశాడు. అందులో ప్రతాప్ రవి అనే యువకుడి తండ్రిని చంపుతారు, కొడుకు ఆయుధం పడతాడు. కత్తికి కత్తి, చావుకు చావు. ఇంకో దారి ఉండి ఉండొచ్చన్న అనుమానం కూడా చూసేవాడికి రాదు. పేదలకు భూమి అనే మాట చుట్టూ మొదలైన కథలో, ఆ భూమి అందాల్సిన పేదలు మాకు గుంపుగానే కనపడ్డారు.

2019లో క్రిష్ తీసిన ‘ఎన్.టి.ఆర్. కథానాయకుడు’లో సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగం వదిలి సినిమాల్లోకి పోయిన యువకుడు రామారావు. ఆ రామారావునే హిందూపురం 1985, 1989, 1994లలో గెలిపించింది. తెర మీద ఆయనైన కొడుకు బాలకృష్ణ అప్పటికే హిందూపురం ఎమ్మెల్యే. కొడుక్కి తండ్రి మీద ప్రేమ ఉండటం తప్పు కాదు. కాని ఓటు అడిగే మనిషి తన తండ్రి యవ్వనాన్ని చూపిస్తుంటే, ఓటరు కాస్త ఆగి ఆలోచించుకోవాలి.

మా బిడ్డల బాల్యాన్ని కూడా ఒకప్పుడు ఊహించారు. సినిమాగా కాదు, చట్టంగా. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1911 తర్వాత మద్రాసు రాజ్యంలోనూ అమలైంది. యెరుకల పిల్లవాడు పుట్టగానే దొంగ అని చివరి అంకం ముందే రాసిపెట్టింది. పెద్దలు పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసే వీలు కూడా అందులో ఉంది. 1913లో స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు వెలిశాయి. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో. మచ్చ మాత్రం అంత తొందరగా పోలేదు.

నాయకుడి బాల్యం చూపించి ‘పరిస్థితులు అట్లా చేశాయి’ అంటారు. మా పిల్లవాణ్ణి చూపించి ‘వాళ్ల పుట్టుకే అంత’ అంటారు. తూకం వేసే చెయ్యి ఒకటే, రాళ్లు వేరు. రెండు చోట్లా పిల్లవాడికి దారి ఎంచుకునే వీలు లేకుండా పోతుంది. కాకుంటే ఒకరికి దండ, ఒకరికి సంకెల.

అయితే ఊహించడమే తప్పా? కాదు. పేదవాడి బాల్యం గురించి రాతలు ఉండవు. మా తాతల పేర్లు చాలావరకు పోలీసు రిజిస్టర్లలోనే మిగిలాయి. ఊహ లేకపోతే మాకు చరిత్రే మిగలదు. అందుకే ఊహ మీద మాకు కోపం లేదు. ఊహించేవాణ్ణి రెండు మాటలు మాత్రం అడుగుతాం. పిల్లవాడి ముందు ఉన్న దారులన్నీ తెరిచి ఉంచు. అదే వీధిలో, అదే వయసులో, నాయకుడు కాలేకపోయిన ఇంకో పిల్లవాణ్ణి కూడా చూపించు.

ధర్మవరం నుంచి పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగుళూరు పోయే రైల్లో, సుగాలి తండాల నుంచి కట్టడం పనులకు పోయే అమ్మానాన్నల మూటల మీద నిద్రపోతున్న పిల్లలు కనపడతారు. వాళ్ల చివర ఎవరికీ తెలీదు. అది తేల్చాల్సింది వాళ్లే. వాళ్ల మొదలును మాత్రం మనం ఇప్పుడే, ఉన్నది ఉన్నట్టు రాసి పెడదాం.