స్వలింగ దంపతుల కుటుంబం - పిల్లల అంగీకారం: ఒక నైతిక పరిశీలన

స్వలింగ దంపతుల పెంపకానికి వ్యతిరేకంగా వినిపించే వాదాలలో ప్రధానమైనది పిల్లల పేరిట చేసే వాదం. ఇద్దరు తల్లులో, ఇద్దరు తండ్రులో ఉన్న ఇంటిని పసిమనసు అర్థం చేసుకోలేదనీ, అయోమయానికి లోనవుతుందనీ దాని సారాంశం. ఇక్కడ వాదిస్తున్నది పెద్దలు. సాక్ష్యానికి నిలబెడుతున్నది మాత్రం పిల్లలను. ఆ సాక్ష్యం నిజమా అన్నది మొదటి ప్రశ్న. నిజమైనా కాకపోయినా, న్యాయాన్యాయ నిర్ణయం దానిపై ఆధారపడవచ్చునా అన్నది అంతకన్న కఠినమైనది.

బంధుత్వం పిల్లలకు నిర్వచనంగా కాక పిలుపుగా అందుతుంది. తెలుగు బంధుపదాలే ఇందుకు ఉదాహరణ. తల్లికి అక్క పెద్దమ్మ. తండ్రికి తమ్ముడు చిన్నాన్న, అన్న పెద్దనాన్న. వారి బిడ్డలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనమామ, మేనత్తల పిల్లలు మాత్రం బావలు, వదినలు, మరదళ్లు అవుతారు. 'అమ్మ' అన్న మాట కన్నతల్లితోనే ఆగిపోదన్న సంగతి తెలుగు బిడ్డకు మాటలు వచ్చే వయసులోనే తెలుస్తుంది. అయితే ఈ పోలికను సాగదీయరాదు. పెద్దమ్మ తల్లికి జీవిత భాగస్వామి కాదు. ఆ వరుసలన్నీ స్త్రీపురుష వివాహం మీదనే నిలిచి ఉన్నాయి. అమ్మ అన్న పిలుపు ఒకరికి మించి చెందడం పిల్లలను కలవరపెట్టదన్నంత వరకే భాష సాక్ష్యం.

కలవరం ఎవరిదో ఒక పుస్తకం చరిత్ర తెలుపుతుంది. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ జంతుప్రదర్శనశాలలో రెండు మగ పెంగ్విన్లు ఒక గుడ్డును పొదిగి పిల్లను పెంచాయి. ఆ వాస్తవం ఆధారంగా 2005లో 'అండ్ టాంగో మేక్స్ త్రీ' అనే బొమ్మల పుస్తకం వెలువడింది. అమెరికాలో దానిని గ్రంథాలయాల నుండి తొలగించాలన్న అభ్యర్థనలు ఏళ్ల తరబడి వచ్చాయి. 2014లో సింగపూర్ జాతీయ గ్రంథాలయ మండలి దానిని పిల్లల విభాగం నుండి తీసివేసింది. నిరసనలు వచ్చిన మీదట పెద్దల విభాగంలో చేర్చింది. పసిపిల్లల బొమ్మల పుస్తకానికి పెద్దల అరలో చోటు దొరికిందన్న మాట!

ఇంతమాత్రాన పిల్లల అంగీకారాన్ని ప్రమాణంగా చేసుకోవచ్చునా? సమర్థకులు తొందరపడేది ఇక్కడనే. పనిమనిషికి వేరు గ్లాసు ఉండటాన్నీ, కొందరి ఇళ్లు ఊరికి వెలుపల ఉండటాన్నీ పిల్లలు అదే వయసులో, అంతే సులువుగా అంగీకరిస్తారు. అంగీకారం అలవాటుకు గుర్తే కాని న్యాయానికి రుజువు కాదు. దాని ప్రయోజనం పరిమితం: అయోమయమనే ఆక్షేపణను అది తొలగిస్తుంది. ఇక మిగిలే అభ్యంతరమేదో పెద్దలు తమ పేరిటనే చెప్పవలసి ఉంటుంది. బడిలో తోటిపిల్లలు ఎగతాళి చేస్తారన్న భయం నిరాధారం కాదు. అయితే కులాంతర దంపతుల సంతానమూ ఆ ఎగతాళిని ఎదుర్కొన్నదే. దిద్దవలసింది ఎగతాళిని, ఆ వివాహాలను నిషేధించాలని సంస్కర్తలెవరూ అనలేదు.

భారతదేశంలో ఈ ప్రశ్న 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు తీర్పులో ప్రస్తావనకు వచ్చింది. 2022 దత్తత నిబంధనల ప్రకారం, జంటగా దత్తత తీసుకోవాలంటే కనీసం రెండేళ్ల స్థిరమైన వైవాహిక బంధం ఉండాలి. వివాహిత స్త్రీపురుష దంపతులే బిడ్డకు స్థిరత్వం ఇవ్వగలరనడానికి ఆధారమేదీ లేదని ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ అభిప్రాయపడ్డారు. జస్టిస్ కౌల్ ఆయనతో ఏకీభవించారు. మిగిలిన ముగ్గురు న్యాయమూర్తులు నిబంధనను కొట్టివేయడానికి అంగీకరించలేదు. ఒంటరి వ్యక్తిగా దత్తత తీసుకొనే వీలు మాత్రం ఉంది. పురుషుడైతే ఆడపిల్లను తీసుకోరాదు. అంటే స్వలింగ దంపతుల ఇంట పెరిగే బిడ్డకు ఇద్దరితోనూ సంబంధం ఉండటాన్ని చట్టం అడ్డుకొన్నది. ఇద్దరినీ అమ్మా అని పిలిచే బిడ్డకు కాగితం మీద తల్లి ఒక్కతే. ఆమె మరణిస్తే రెండవ తల్లి చట్టం దృష్టిలో పరాయి మనిషి. తాను పెంచిన బిడ్డకు సంరక్షకురాలిగా నియమించమని న్యాయస్థానాన్ని అర్థించవలసిన మనిషి.