వెళ్తానన్నవాడు, వెళ్లినవాడు



ఒక తండ్రికి ఇద్దరు కుమారులు. ద్రాక్షతోటలో పని చేసి రమ్మంటే మొదటివాడు పోనన్నాడు. తరువాత మనసు మార్చుకొని వెళ్లాడు. రెండవవాడు అడగగానే సరేనని తలూపాడు. తోటవైపు అడుగైనా వేయలేదు. వీరిలో తండ్రి చిత్తాన్ని నెరవేర్చినది ఎవరని ప్రభువు అడిగిన ప్రశ్న మత్తయి సువిశేషం 21వ అధ్యాయంలో ఉంది. ఈ వారం ఆ ప్రశ్నను వెంటబెట్టుకొని మన వంటింటి గ్యాసు పొయ్యి దగ్గరకూ, మన బండి పెట్రోలు ట్యాంకు దగ్గరకూ వెళదాం.

మన హైదరాబాదు కొత్తపేటకు కోనసీమలో అదే పేరుగల ఊరొకటి ఉంది. ఆ కోనసీమలోనే పాశర్లపూడి వద్ద 1995 జనవరి 8న ఓఎన్‌జీసీ బావి నుంచి గ్యాసు ఎగదన్ని నిప్పంటుకుంది. 65 రోజులు ఆ మంట ఆరలేదు. చుట్టుపక్కల జనం ఇళ్లు విడిచి వెళ్లవలసి వచ్చింది. అది కంటికి కనబడే మంట గనుక రాష్ట్రమంతా భయపడింది. కంటికి కనబడని మంట ఒకటి నేటికీ ఆరలేదు. భూమిలోంచి తోడిన చమురు, గ్యాసు ప్రతి దినం ఎక్కడో ఒకచోట కాలుతూనే ఉన్నాయి. లీటరు పెట్రోలు కాలితే, గాలిలోని ప్రాణవాయువు కూడా కలిసి, సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. 14.2 కిలోల వంటగ్యాసు బండ ఖాళీ అయ్యేసరికి అది దాదాపు 42 కిలోలు. ఈ వాయువు భూమికి కప్పిన దుప్పటిలా వేడిని పట్టి ఉంచుతుంది.

దీన్ని తగ్గిస్తామని ఓఎన్‌జీసీ మాట ఇచ్చింది. 2038 నాటికి తన కార్యకలాపాల కర్బన ఉద్గారాలను నికరంగా సున్నకు తెస్తానని 2023లో ప్రకటించింది. 2021లో గ్లాస్గోలో మన దేశం పెట్టుకున్న గడువు 2070. దానికంటే ఇది ఎంతో ముందు. సంస్థ ఊరికే కూర్చోలేదు కూడా. 2025లో ఎన్‌టీపీసీ గ్రీన్‌తో కలిసి, సుమారు 4.1 గిగావాట్ల సౌర, పవన విద్యుత్తు గల అయానా సంస్థను కొన్నది. ఇది తోటవైపు వేసిన అడుగే. ఆ మాట ఒప్పుకోవడం న్యాయం.

అయితే అదే సంస్థ 2024 జనవరి 7న కాకినాడ తీరానికి ఆవల, లోతు సముద్రంలోని కొత్త క్షేత్రం నుంచి తొలి చమురు తీసింది. అక్కడ రోజుకు 45,000 బారెళ్ల దాకా తీయాలన్నది లక్ష్యం. మరి సున్న ఎలా వస్తుంది? 2038 మాటలో లెక్కకు వచ్చేది సంస్థ తన పనిలో కాల్చే ఇంధనం, కొనే కరెంటు తాలూకు పొగ మాత్రమే. అమ్మిన చమురు మన బండ్లలో, గ్యాసు మన పొయ్యిలలో కాలి వచ్చే పొగ అందులో చేరదు. చమురు సంస్థల విషయంలో పెద్ద భాగం ఈ పొగే. పాపసంకీర్తనానికి వచ్చి, ఇంట్లో చేసిన తప్పులు చెప్పి బజారులో చేసినవి దాచుకున్నవాడిది ఎలాంటి ఆత్మపరిశోధన?

“ఆ పొగ కొన్నవాళ్లది కదా” అని ఎవరైనా అనవచ్చు. అది సగం నిజం. కొన్నవాళ్లం మనమే మరి! కట్టెల పొయ్యి ఊది ఊది కళ్లు మండిపోయిన తల్లికి గ్యాసు పొయ్యి వరమే. ఆమెను వేలెత్తి చూపకూడదు. కానీ 2018 నుంచి మెట్రో మన కొత్తపేట మీదుగా ఎల్బీనగర్‌కు నడుస్తోంది. అయినా దిల్‌సుఖ్‌నగర్ దాకా వెళ్లడానికి మనిషికో బండి తీస్తున్నాం.

2020 అక్టోబరు వానలు మరచిపోయామా? సరూర్‌నగర్ చెరువు పొంగి దిగువ కాలనీలు మునిగాయి. ఒక్క వానను ఒక్క సంస్థకు అంటగట్టలేం. నాలాలను మూసింది మన చేతులే. కానీ వేడెక్కిన గాలి ఎక్కువ తేమ మోస్తుంది, కుండపోత వానలు పెరుగుతాయి. ముందు మునిగేది నేలమీద పరుపు పరచుకొనేవారి ఇల్లే. భూమి గోడు, పేదల గోడు ఒకటేనని పోపు ఫ్రాన్సిస్ 2015లో ‘లౌదాతో సీ’ విశ్వలేఖలో బోధించినది ఇందుకే.

కనుక రెండు పనులు చేద్దాం. ఓఎన్‌జీసీలో అధిక వాటా భారత ప్రభుత్వానిది, అంటే ప్రజలది. అమ్మిన చమురు పొగను కూడా లెక్కలో కలిపి, దాన్ని ఏటేటా ఎంత తగ్గిస్తారో చెప్పమని మన పార్లమెంటు సభ్యునికి ఉత్తరం రాద్దాం. రెండవది, ఇంట్లో పాలలెక్క రాసుకున్నట్టే పెట్రోలు లెక్కా రాద్దాం. నెలాఖరున లీటర్లను 2.3తో హెచ్చిస్తే మన పొగ ఎన్ని కిలోలో తెలుస్తుంది. వచ్చే నెల అందులో కొంతైనా తగ్గించుదాం.

జక్కయ్య పశ్చాత్తాపపడినప్పుడు పదిహేనేళ్ల గడువు అడగలేదు. తన ఇంట్లోనే నిలబడి, పేదలకు ఎంత ఇస్తాడో, మోసపోయినవారికి ఎన్నింతలు తిరిగి ఇస్తాడో లెక్క కట్టి చెప్పాడు. రక్షణ ఆనాడే ఆ ఇంటికి వచ్చింది. ఈ ఏడు మన గుడిలో జ్ఞానస్నానం పొందే పసివాడికి 2038 నాటికి మీసాలు మొలుస్తుంటాయి. “మీరు వెళ్తానన్నారా, వెళ్లారా?” అని వాడు అడుగుతాడు. ఆ రోజు తల దించుకోకుండా జవాబు చెప్పే కృపను ప్రభువు సంస్థలకూ, పాలకులకూ, మనకూ దయచేయునుగాక. ఆమెన్.